ఆకు పచ్చగా ఉండగానే

మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. మొత్తం అచ్చు వేయడానికి చోటు చాలదు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

వీరి సొంత ఊరు రాజమహేంద్రవరం. భర్త ఉద్యోగరీత్యా ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జి దగ్గర ఒక పల్లెలో 17 ఏళ్లు కాపురం ఉన్నారు. మొదటి చలికాలం గడవడమే గగనమైందట. సాయంత్రం నాలుగింటికే చీకటి, చంకలో ఆరు నెలల పాప, పలకరించే దిక్కు లేదు. ఫిబ్రవరిలో ఒక రోజు పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, తన పెరట్లోకి తీసుకెళ్లి, ఆపిల్ చెట్టు కింద మంచులోంచి తలలు వంచుకుని నిలబడ్డ తెల్లని పూలు చూపించారు. అవి స్నోడ్రాప్ పూలు. మార్చిలో పూలు వాడిపోయాక ఒక కుదురు తవ్వి, తడి వార్తాపత్రికలో చుట్టి, "ఆకు పచ్చగా ఉండగానే నాటుకోవాలి, వేరు ఎండనివ్వకూడదు" అని చేతిలో పెట్టారు. ఇంటికి ఉత్తరం వైపు నీడలో నాటమని కూడా చెప్పారు. ఆ ఒక్క కుదురు ఏళ్లు గడిచేసరికి పెరడంతా పాకింది. పాప ఆ పెద్దావిడను అమ్మమ్మ అనే అనుకుంటూ పెరిగింది.

రెండున్నరేళ్ల క్రితం కుటుంబం మెల్‌బోర్న్‌కు మారింది. అమ్మాయి చదువు కోసం ఇంగ్లండులోనే ఉండిపోయింది. పెద్దావిడకు మతిమరుపు ముదిరి, వీడియో కాల్‌లో చూసినా వీరిని గుర్తుపట్టలేని స్థితికి వచ్చి, ఈ సెప్టెంబరులో కన్నుమూశారు. ఇల్లు అమ్ముడైపోయింది. జనవరిలో కొత్తవారు దిగుతారు. తోటలో ఏది కావాలన్నా తవ్వి తీసుకోమని ఆవిడ కొడుకు చెప్పారు. డిసెంబరు సెలవులకు వస్తున్న అమ్మాయిని, ఆపిల్ చెట్టు కింది దుంపలు ఒక 20 తవ్వి, మేజోళ్లలో దాచి పెట్టెలో తెమ్మని వీరు అడిగారు. "అమ్మా, అది నేరం. నేను తేను" అన్నది అమ్మాయి. మాటా మాటా పెరిగింది. పది రోజులుగా ఇద్దరికీ మాటలు లేవు.

మెల్‌బోర్న్‌లో వీరు చేసిన ప్రయత్నాలు రెండు. మొదటి ఏడాది మార్చిలో పొట్లాల్లో వచ్చిన ఎండు దుంపలు 20 కొని, పెద్దావిడ చెప్పినట్టే ఇంటికి ఉత్తరం వైపు నాటారు. రెండు ఆకులు తప్ప ఏమీ రాలేదు. రెండో ఏడాది ఎవరో స్నోడ్రాప్స్ అని చెప్పి ఒక కుదురు ఇచ్చారు. అవి మోకాలెత్తు పెరిగి, కాడకు నాలుగైదు గంటల్లాంటి పూలు పూశాయి. "అవి నేను ఎరిగిన పూలు కావనిపించింది. అందరూ అవేనంటున్నారు. ఆవిడ నన్ను మరిచిపోయినట్టు నేను ఆ పూలను మరిచిపోతున్నానా అక్కయ్యగారూ?" అని రాశారు. హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గర ఉన్న తల్లిగారు తనకూ రెండు దుంపలు పంపమంటున్నారట, ఫ్రిజ్‌లో పెడితే మొలవవా అని అడుగుతున్నారట. భర్త మాత్రం "దుంపల కోసం ఇంత రభసా" అంటున్నారు.

అమ్మా, మీ జ్ఞాపకం తప్పు కాదు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి మాట్లాడతాను.

స్నోడ్రాప్‌కు కాడకు ఒకటే పువ్వు. బయట మూడు పొడవాటి రేకులు, లోపల మూడు పొట్టి రేకులు. లోపలి రేకు కొసన చిన్న గంటు ఉంటుంది, ఆ గంటు చుట్టూ తలకిందులు చేసిన గుర్రపు నాడాలాంటి పచ్చని మచ్చ ఉంటుంది. బయటి రేకులు సాధారణంగా శుద్ధ తెలుపు. పువ్వు కొంచెం ఎండ తగిలి వెచ్చబడగానే బయటి మూడూ రెక్కల్లా విచ్చుకుంటాయి, లోపలి మూడు మాత్రం చిన్న లంగాలా ముడుచుకునే ఉంటాయి. మీకు ఎవరో ఇచ్చిన పువ్వుకు ఆరు రేకులూ సమానంగా ఉండి, ఒక్కో రేకు కొసన ఒక్కో పచ్చ చుక్క ఉంది కదా? ఉత్తరంలో మీరే రాశారు, "ప్రతి రేకుకూ బొట్టు పెట్టినట్టు" అని. దాని పేరు ల్యూకోజమ్, ఇంగ్లండులో స్నోఫ్లేక్ అంటారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఈ స్నోఫ్లేక్ ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాల్లో ఏ పోషణా లేకుండా పెరుగుతుంది కాబట్టి అక్కడ చాలామంది దాన్నే స్నోడ్రాప్ అంటారు. ఇచ్చినవారు మిమ్మల్ని మోసం చేయలేదు, వాళ్ల ఊరి వాడుక అది. మీ కన్ను చూసింది నిజం. ఆ కుదురును పీకి పారేయకండి, దానికి మీ నేల నచ్చింది.

ఇక మొదటి ఏడాది నాటిన 20 దుంపల సంగతి. అక్కడ రెండు పొరపాట్లు జరిగాయి. రెండూ అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. ఒకటైతే పెద్దావిడ మాటను అక్షరాలా పాటించడం వల్లే వచ్చింది.

కేంబ్రిడ్జిలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన ఉంటాడు. ఇంటి నీడ ఉత్తరం వైపు పడుతుంది, నేల అక్కడ చల్లగా, తేమగా ఉంటుంది. అందుకే ఆవిడ ఉత్తరం అన్నారు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరానే ఉంటాడు. అక్కడ ఉత్తరపు గోడ అంటే ఎండకు కాగే గోడ. భూగోళం కింది సగానికి వెళ్లినప్పుడు ఋతువులు తారుమారవుతాయని అందరికీ తెలుసు, జులైలో చలి, జనవరిలో మండుటెండ. దిక్కులు కూడా తారుమారవుతాయన్నది మాత్రం తోట వేసి దెబ్బతింటే గానీ తట్టదు. పెద్దావిడ మాటలోని సారం నీడ, చలువ. మీ ఇంట్లో దానికి తగిన దిక్కు దక్షిణం.

రెండో పొరపాటు ఎండు దుంపలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇందులో నేనూ నష్టపోయాను. ఎడిన్‌బరోలో ఆరేళ్లు ఉన్నప్పుడు ఒక దుకాణంలో సంచి దుంపలు 25 కొని నాటాను. మొలిచినవి మూడు. మిగిలినవాటిని తవ్వి చూస్తే గుల్లలు. పైన గోధుమరంగు పొర, లోపల నొక్కితే పొడి. తులిప్ దుంప, ఉల్లిగడ్డ నెలల తరబడి గాలికి ఉన్నా తట్టుకుంటాయి. స్నోడ్రాప్ దుంప వేరుశనగ గింజ కంటే కొంచెం పెద్దది, దాని పైపొర పలచన, తేమ త్వరగా ఆరిపోతుంది. తవ్వి, ఆరబెట్టి, పొట్లం కట్టి, గోదాములో నిలవచేసి మన దగ్గరకు పంపేసరికి సగం ప్రాణం పోతుంది. మరుసటి ఏడాది మార్చిలో మా వీధిలో ఒక ముసలాయన తన తోటలోంచి ఆకులతో సహా ఒక కుదురు ఇచ్చాడు. ఆ సాయంత్రమే విడదీసి నాటాను. ఒక్కటి కూడా చావలేదు. ఈ మొక్కలు పెంచేవారు తరతరాలుగా చేసే పద్ధతి ఇదే. పూత అయిపోయి, ఆకు ఇంకా పచ్చగా ఉండగా తవ్వి, వేరు ఆరకముందే చేతులు మార్చడం. పెద్దావిడ మీకు మొదటి రోజే ఈ విద్య చెప్పి ఇచ్చారు.

అయితే మెల్‌బోర్న్‌లో ఈ మొక్క అసలు బతుకుతుందా అన్నది మీ పెద్ద అనుమానం. జవాబు ఊళ్లో ఎక్కడున్నారన్న దాన్ని బట్టి, ఏ జాతి అన్న దాన్ని బట్టి మారుతుంది.

వేసవిలో ఆకు ఎండిపోయి దుంప నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం వచ్చే ఏడాది పువ్వు అప్పుడే రూపు కట్టుకుంటూ ఉంటుంది. ఆ తర్వాత వారాల తరబడి చలి తగిలితేనే కాడ సాగి పువ్వు పైకి వస్తుంది. చలి చాలకపోతే ఆకు మాత్రమే వస్తుంది, లేదా పువ్వు మట్టి దగ్గరే కూరుకుపోతుంది. కేంబ్రిడ్జిలో జనవరి రాత్రులు సగటున ఒకటి రెండు డిగ్రీలు, పగళ్లు ఏడెనిమిది. మెల్‌బోర్న్‌లో జులై రాత్రులు ఆరేడు, పగళ్లు 14 దాకా. అంటే చలి అంచున ఉన్నది, పూర్తిగా లేకపోలేదు. అక్కడి అసలు గండం వేసవి. 40 డిగ్రీలు దాటిన రోజుల్లో మట్టి పై పొర కాగిపోతే, అందులో ఉన్న చిన్న దుంప ఉడికినట్టే అవుతుంది. అదే నగరానికి తూర్పున 633 మీటర్ల ఎత్తున్న డాండినాంగ్ కొండల్లో, వాయవ్యాన వెయ్యి మీటర్ల ఎత్తున్న మేసిడన్ కొండ మీద వేసవి తీవ్రత తగ్గుతుంది, కొన్ని చలికాలాల్లో మంచు కూడా పడుతుంది. అక్కడి పాత తోటల్లో స్నోడ్రాప్స్ ఉన్నాయి. టాస్మేనియాలోనూ, న్యూజిలాండ్ దక్షిణ దీవిలోనూ ఇంకా హాయిగా పెరుగుతాయి.

జాతి విషయానికి వస్తే, స్నోడ్రాప్‌లలో సుమారు 20 జాతులున్నాయి. మీ పెద్దావిడ తోటలోది చాలా వరకు గాలాంథస్ నివాలిస్ అయి ఉంటుంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ఆ పేరులో మొదటి మాటకు గ్రీకులో పాలపువ్వు అని అర్థం. అది అడవి నీడల మొక్క, వేసవిలో కూడా కొంచెం తేమ కోరుకుంటుంది. మీ ఊరి మైదానంలో దానికి కష్టమే. దానికి బదులు గాలాంథస్ ఎల్వీసీ అని ఒకటుంది. 1874లో హెన్రీ జాన్ ఎల్వీస్ అనే ఆంగ్లేయుడు టర్కీలోని ఇజ్మీర్ దగ్గరి కొండల్లో దీన్ని చూసి తెచ్చాడు, అందుకే ఆయన పేరు. వెడల్పాటి బూడిదరంగు ఆకులు, కొంచెం పెద్ద పువ్వు. పుట్టింది పొడి వేసవుల దేశంలో కాబట్టి మెల్‌బోర్న్ వేసవిని నివాలిస్ కంటే బాగా ఓర్చుకుంటుంది. గ్రీసు దేశపు రెజినే-ఓల్గే అనే జాతి చలికాలం కోసం ఎదురుచూడకుండా శరదృతువులోనే పూస్తుంది, చలి అవసరం ఇంకా తక్కువ. కాకపోతే దొరకడం కష్టం, ధర ఎక్కువ. ధరల జోలికి మాత్రం పోకండి. అరుదైన రకాల పిచ్చి ముదిరి, 2015లో ఇంగ్లండులో 'గోల్డెన్ ఫ్లీస్' అనే రకం ఒక్క దుంప 1,390 పౌండ్లకు అమ్ముడుపోయింది. మీకు కావలసింది అది కాదు.

ఇప్పుడు అమ్మాయి సంగతి. నేను మెత్తగా చెప్పలేను, ఈ విషయంలో మీ అమ్మాయిదే న్యాయం.

ఆస్ట్రేలియా బయటి నుంచి వచ్చే మొక్కలను, దుంపలను, మట్టిని ఎంత కఠినంగా చూస్తుందో అక్కడ ఉన్న మీకు నాకంటే బాగా తెలుసు. ప్రకటించకుండా తెస్తే వేల డాలర్ల జరిమానా పడవచ్చు, వీసా మీద వచ్చినవారికి వీసా రద్దయ్యే పరిస్థితీ రావచ్చు. దుంపతో పాటు కంటికి కనబడని నులిపురుగులు, స్నోడ్రాప్‌కు పట్టే బూడిదరంగు బూజు వస్తాయి. ఆ దేశపు రైతుల భయం ఉత్తపుణ్యానికి కాదు. పైగా అంతరించే ప్రమాదం ఉన్న మొక్కలు, జంతువులు దేశాలు దాటే వ్యాపారాన్ని అదుపు చేయడానికి అంతర్జాతీయంగా సైట్స్ అనే ఒప్పందం ఉంది. 1980లలో టర్కీ కొండల్లోంచి ఈ దుంపలను లక్షలకు లక్షలు తవ్వి అమ్మారు. ఆ తవ్వకాలను అదుపు చేయడానికి స్నోడ్రాప్ జాతులన్నిటినీ ఆ ఒప్పందం కిందకు తెచ్చారు. పెరట్లో పెరిగిన దుంపకైనా దేశం దాటాలంటే కాగితాలు అడుగుతారు. విమానాశ్రయంలో కుక్క పసిగట్టి పెట్టె తెరిపిస్తే, అధికారి ఎదుట నిలబడేది 20 ఏళ్ల పిల్ల. ఆ చిత్రం ఒకసారి కళ్ల ముందు ఊహించుకోండి.

చట్టం మాట అటుంచి, దుంప వైపు నుంచి కూడా ఆలోచించండి. డిసెంబరులో కేంబ్రిడ్జి మట్టిలో ఆ దుంప మొలక మొన తోసుకుంటూ పైకి వస్తుంటుంది. ఆ ఆకుల కొసలు గట్టిగా, గడ్డకట్టిన నేలను కూడా చీల్చుకు వచ్చేలా ఉంటాయి. ఇంకో నెలన్నరలో పూయవలసిన ఆ దుంపను తవ్వి, మేజోడులో చుట్టి, 24 గంటల్లో 35 డిగ్రీల ఎండలో దింపితే దాని లెక్కంతా తప్పుతుంది. నెలలు నిండిన మనిషిని ప్రయాణం చేయించినట్టు ఉంటుంది. అన్ని అనుమతులతో, నిద్రలో ఉన్న దుంపలను పద్ధతిగా తెచ్చినా, కింది అర్ధగోళపు ఋతువులకు సర్దుకోవడానికి వాటికి ఒకటి రెండేళ్లు పడుతుంది. దాచి తెచ్చిన ఆ 20 చాలా వరకు చచ్చిపోయేవి. అప్పుడు మీ దగ్గర ఆవిడ దుంపలూ ఉండేవి కావు, అమ్మాయి నమ్మకమూ ఉండేది కాదు.

అధికారికంగా తెప్పించుకునే దారి ఉన్నది. దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం, సైట్స్ పత్రం, అక్కడ దిగాక నిఘాలో ఉంచి పరీక్షించడం. వ్యాపారులు చేసే పని అది. ఒక కుదురు కోసం అంత ఖర్చు, అంత కాలం పెట్టగలరో లేదో మీరే తేల్చుకోవాలి. జనవరి గడువుకు మాత్రం అది అందదు.

అయినా ఆవిడ దుంపలు జనవరిలో మట్టిపాలు కావాలని రాసిపెట్టి లేదు. అవి ఇంగ్లండులోనే ఉండవచ్చు. అమ్మాయిని అడగవలసింది అది. బయలుదేరే ముందు ఒక రోజు ఆ ఊరు వెళ్లి, ఆపిల్ చెట్టు కింద గరిటెతో కాకుండా తవ్వుకోలుతో లోతుగా, మట్టి ముద్దతో సహా రెండు మూడు కుదుళ్లు ఎత్తమనండి. వేర్లు దులపకూడదు, విడదీయకూడదు. ఆ ముద్దలను అలాగే కుండీల్లో పెట్టాలి. డిసెంబరులో తవ్వడం శ్రేష్ఠం కాదు, ఫిబ్రవరి చివర అయితే ఇంకా బాగుండేది, కానీ మట్టి కదలకపోతే మొక్కకు తాను కదిలినట్టే తెలియదు. కుండీని ఇంట్లో హీటరు పక్కన పెట్టవద్దనండి. బయట గుమ్మం పక్కన, వానకూ చలికీ వదిలేయాలి. తను మెల్‌బోర్న్‌లో ఉన్న మూడు వారాలూ ఇంగ్లండు వానే నీళ్లు పోస్తుంది.

ఇందులోనూ చిక్కులున్నాయి. చదువుకునే పిల్ల ఏటా అద్దె గది మారుతుంది. కుండీ ఏదో ఒక మెట్ల మీద మరిచిపోవచ్చు, ఒక వేసవిలో ఎండిపోవచ్చు. అందుకని అన్నీ తన దగ్గరే ఉంచుకోకుండా, ఒకటి ఆ పల్లెలో ఆవిడను ఎరిగిన ఎవరికైనా ఇవ్వమనండి, ఒకటి ఆవిడ కొడుక్కి ఇవ్వమనండి. ఆ కొడుకు మిమ్మల్ని తీసుకోమన్నాడంటే, తనకు కూడా ఒక కుదురు ఉంటే బాగుండునని అనుకుంటూ అడగలేకపోయాడేమో. లేదా ఇంటికి కొత్తగా వచ్చేవారికి ఒక చీటీ రాసి పెట్టవచ్చు, "ఈ చెట్టు కింద ఫిబ్రవరి దాకా తవ్వకండి" అని. ఇది ఖర్చు లేని పని. వాళ్లు వింటారన్న హామీ లేదు, కానీ చాలామంది వింటారు.

నాకు ఇష్టమైన ఒక సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. ఇంగ్లండు సొంతం అనుకునే ఈ పువ్వు నిజానికి ఆ నేల మీద పుట్టింది కాదు. దాని పుట్టిల్లు పిరనీస్ కొండల నుంచి ఉక్రెయిన్ దాకా ఉన్న ఐరోపా ప్రధాన భూభాగం. 1597లో జాన్ జెరార్డ్ తన మూలికల గ్రంథంలో దీన్ని వర్ణించాడు, అప్పటికే తోటల్లో ఉంది. బయట అడవుల్లో తనంతట తాను పెరుగుతున్నట్టు నమోదు కావడానికి 1770ల దాకా పట్టింది. క్రిమియా యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు అక్కడి జాతి దుంపలు కొన్ని ఇళ్లకు తెచ్చుకున్నారు. మీరు ఫిబ్రవరిలో చూసే ఆ తెల్లని తివాచీలు చేతి నుంచి చేతికి వెళ్లిన దుంపలతో పరుచుకున్నవి.

ఇంకొకటి, చెప్పాలా వద్దా అని ఆలోచించి చెబుతున్నాను. కాకసస్ ప్రాంతపు స్నోడ్రాప్ దుంప నుంచి 1950లలో గాలాంటమైన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. నేడు అది అల్జీమర్స్ మతిమరుపుకు వాడే మందుల్లో ఒకటి. జబ్బును నయం చేయదు, కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గిస్తుంది. ఆవిడ తోటలోని పువ్వుకూ ఆవిడ జబ్బుకూ మధ్య ఇలాంటి బంధం ఒకటి ఉన్నదని మీరు తెలుసుకోవాలనిపించింది. దుంప మాత్రం పచ్చిగా విషం, తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఉల్లిపాయల దగ్గర ఎప్పుడూ ఉంచకండి.

మెల్‌బోర్న్‌లో మీ ముందున్న దారులు చూద్దాం. ఇప్పుడు నవంబరు, వేసవి తలుపు దగ్గర ఉంది. ఇప్పుడు ఏదీ కొనకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి నర్సరీలు దుంపలు పంపుతాయి. తొందరగా మొదలుపెట్టాలంటే అప్పుడు ఎల్వీసీ దుంపలు తీసుకోండి. రాగానే ఒక్కొక్కటి వేళ్ల మధ్య నొక్కి చూడండి. వెల్లుల్లి రెబ్బలా గట్టిగా ఉన్నవి నాటండి, మెత్తగా లేదా తేలికగా ఉన్నవి తిప్పి పంపండి. ఆ రోజే నాటాలి, 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున. ఇందులో లాభం ఆరు నెలలు కలిసి రావడం. నష్టం మీకు ఇదివరకే అనుభవం, సగం పోవచ్చు, మొదటి ఏడాది పూయకపోవచ్చు.

ఓపిక పట్టగలిగితే ఆగస్టు దాకా ఆగండి. అక్కడ పూత జులై, ఆగస్టుల్లో. మెల్‌బోర్న్ చుట్టుపక్కల తోటల సంఘాలు చాలా ఉన్నాయి, కొండల్లో పాత తోటలున్నవారు వాటిలో సభ్యులు. ఒక చలికాలం వారి వెంట తిరగండి. "ఆకు మీద ఉన్న కుదురు కావాలి" అని అడిగితే, ఈ మొక్కలు పెంచేవారికి ఆ మాట చాలు, మీకు విషయం తెలుసని అర్థమవుతుంది. కుదురు దొరికితే బతకడం దాదాపు ఖాయం. దొరకకపోతే ఒక ఏడాది ఊరికే పోతుంది. కానీ ఆ ఏడాదిలో మీరు ఆ పూలను నేల మీద చూస్తారు, వాటిని ఎరిగిన మనుషులను కలుస్తారు. మీ ఉత్తరంలో రెండున్నరేళ్ల మెల్‌బోర్న్ జీవితం గురించి ఆరు పేజీల్లో ఒక్క స్నేహితురాలి ప్రస్తావన కూడా లేదమ్మా. అది నన్ను దుంపల కంటే ఎక్కువ ఆలోచింపజేసింది. నేనైతే ఈ దారే పట్టమంటాను.

ఎలా తెచ్చినా చోటు ముఖ్యం. ఆకురాల్చే చెట్టు కిందైతే మేలు, చలికాలంలో వెలుతురు, వేసవిలో నీడ. కుళ్లిన ఆకుల ఎరువు బాగా కలపండి. వేసవిలో మట్టి మీద మూడు వేళ్ల మందాన ఎండాకులు పరిచి, వారానికోసారి కొద్దిగా తడపండి, నిలువనీరు మాత్రం వద్దు. పూత అయ్యాక ఆకులు వాటంతట అవే పసుపు పచ్చబడేదాకా కోయకండి, వచ్చే ఏడాది పువ్వుకు కావలసిన తిండి ఆ ఆకులే వండుతాయి.

అమ్మగారికి మాత్రం పంపకండి. హైదరాబాద్‌లో జనవరి రాత్రులు కూడా సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటాయి, పగళ్లు 28 దాటుతాయి. ఫ్రిజ్‌లో నెలల తరబడి తడి ఇసుకలో పెట్టి, పండ్లకు దూరంగా కాచుకుంటే, ఎప్పుడో ఒక పువ్వు రావచ్చు. బాల్కనీలో నాలుగు రోజులు ఉంటుంది. తర్వాత వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఆ దుంప చచ్చిపోతుంది. తెలిసి చంపడానికి దేశం దాటించడం నాకు మనస్కరించదు. భారతదేశానికి తేవడానికి కూడా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. అమ్మగారికి తెల్లని రెయిన్ లిల్లీ దుంపలు ఒక కుండీలో పెట్టించండి. ఏ నర్సరీలోనైనా దొరుకుతాయి. స్నోడ్రాప్‌కు దగ్గరి చుట్టమే, ఒకే కుటుంబం. మృగశిర కార్తెలో మొదటి వానలు పడ్డాక, నిన్న ఏమీ లేని కుండీలో ఒక ఉదయం తెల్లగా లేచి నిలబడతాయి. మీకు శ్రావణమాసంలో స్నోడ్రాప్స్ పూసేనాటికి అమ్మగారి కుండీలో కూడా పూలుంటాయి, వీడియో కాల్‌లో ఇద్దరూ చూపించుకోవచ్చు.

మీ వారి మాటకు నొచ్చుకోకండి. ఆయనకు దుంపలు కనబడుతున్నాయి, మీరు ఆ పెద్దావిడ కోసం ఏడవడానికి ఒక చోటు వెతుక్కుంటున్నారని కనబడి ఉండదు. ఆవిడ పోయినప్పుడు మీరు వెళ్లలేకపోయారని ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ఆ వాక్యం ఆయనతో పూర్తిగా చెప్పండి.

అమ్మాయికి ఈ రాత్రే ఫోను చేయండి. వాదన మళ్లీ మొదలుపెట్టకుండా, "నువ్వు చెప్పిందే సరి, ఒక కుదురు నీ దగ్గర ఉంచగలవా" అని అడగండి. తనకూ ఆవిడ అమ్మమ్మే. డిసెంబరులో తను వచ్చాక, ఇంటి దక్షిణం వైపు ఇద్దరూ కలిసి చోటు చూడండి. ఎండాకాలం అక్కడ సాయంత్రపు సూర్యుడు నైరుతికి వాలి దక్షిణపు గోడ మీద కూడా పడతాడు. అందుకని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఇంకోసారి చూడండి. మట్టిలో చేయి మణికట్టు దాకా పెట్టి, రెండు వేళలా చల్లగా తగిలిన చోట ఒక పుల్ల గుచ్చి ఉంచండి. మళ్లీ చలికాలం వచ్చాక ఆ చోటు మీకు కావాలి.